నాలుగు మూలల పసుపు

నాకు కోపం ఎక్కువ. ఆ మాట నేను చెప్పనక్కర్లేదు, ఇబ్రహీంపట్నంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉన్న రేకుల షెడ్లలో ఎవరినడిగినా చెప్తారు. ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చుని దస్తావేజులు రాస్తున్నాను. సర్వే నంబరులో ఒక్క అంకె చెరిగినా, తండ్రి పేరు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉన్నా ఆ కాగితాన్ని తెచ్చినవాళ్ల ఒళ్లోకే తిరిగి విసిరే రకం నేను. "గీ కాగితం నడువది. పోయి సక్కగ చేపిచ్చుకొని రా పో" అని ఎంతమందిని తిరగ్గొట్టానో లెక్కలేదు. వాళ్లలో ముసలివాళ్లున్నారు, యాచారం దాటి ఎక్కడి నుంచో రెండు బస్సులు మారి వచ్చినవాళ్లున్నారు. తిరగ్గొట్టేటప్పుడు వాళ్ల ముఖంకేసి చూసిన గుర్తు నాకు లేదు.

మా ఇంటామెకు రొమ్ము క్యాన్సర్ అన్నారు. పట్నంలో పెద్ద దవాఖానలో ఆపరేషన్ అయింది, తర్వాత కీమో మొదలైంది. మొదటి రెండు డోసులూ ఎలాగో తట్టుకుంది. మూడోది అయ్యాక అన్నం గిన్నె మీద మూత తీస్తే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగు. ఇట్లాంటి మనిషి కాదు ఆమె. పెళ్లయిన కొత్తలో మా అమ్మ, "నీ పెండ్లాం బుక్కకో ఉల్లిగడ్డ కొరుకుతది బిడ్డా, చేన్ల ఉల్లిగడ్డ సరిపోతదా?" అని నవ్వేది. పచ్చిపులుసు చేసిన రోజు నాకు మిగిల్చేది అడుగున ఉన్న మిరపకాయలే. అలాంటి మనిషి మూడు చెంచాల గంజి తాగి, ఏదో ఘనకార్యం చేసినట్టు నా ముఖం చూసేది. నేను శభాష్ అనేవాణ్ణి. పెరట్లోకి పోయి తల గోడకు ఆనించి నిలబడేవాణ్ణి.

దవాఖానలో డాక్టరు బరువు చూసి ముఖం మాడ్చుకున్నాడు. వాంతులకు ఇచ్చిన గోళీలన్నీ అయిపోయాయి, మార్చి మార్చి ఇచ్చినవీ అయిపోయాయి. "వచ్చే సోమవారం మళ్లీ చూస్తాను. బరువు ఇంకా తగ్గితే నాలుగో డోసు ఇవ్వలేను. ఒంట్లో శక్తి లేకుండా ఆ మందు ఎక్కిస్తే మనిషి తట్టుకోదు. ఇవ్వకపోతే జబ్బు ఊరుకోదు. ఎట్లాగైనా తినిపించండి" అన్నాడు. ఎట్లాగైనా అంటే ఎట్లాగో ఆయన చెప్పలేదు.

ఆ సంగతి షెడ్డులో అన్నప్పుడు పక్కన ప్లాట్ల బేరాలు చేసే బ్రోకరు ఒకడు చాయ్ గ్లాసుతో దగ్గరికి జరిగాడు. మంచివాడే, నోరే అదుపులో ఉండదు. "అన్నా, ఫికర్ చెయ్యకు. జర గంజాయి తాపు వదినకు. మస్తు ఆకలైతది. నేను తెప్పిస్త, ఎవ్వనికి తెల్వది" అన్నాడు.

నాకు నెత్తికెక్కింది. మా షెడ్డు గోడ మీద గంజాయి వద్దని పోలీసులు అంటించిన పోస్టరు ఉంది, చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కదా, ప్రతి గోడకూ ఒకటి ఉంటుంది. దాని కిందే నిలబడి వీడు నాకు ఈ మాట చెప్తాడా! "లెవ్వు! నా టేబుల్ కాడికెళ్లి లెవ్వు ముందు!" అని అరిచాను. వాడి చాయ్ ఒలికింది. ఆఫీసు మెట్ల మీదున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

ఇంటికొచ్చి ఇంకా ఊగిపోతూ ఆమెకు చెప్తే పకపకా నవ్వింది. "తెస్తే తెమ్మనకపోయినవా? నేను గూడ కాలేజి పోరగాండ్ల లెక్క చెరువు కట్ట మీద కూసుందును." పదిహేను రోజుల తర్వాత ఇంట్లో వినబడిన నవ్వు అది. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

కానీ ఆ మాట చెవిలో ఉండిపోయింది. మర్నాడు ఏదో రిపోర్టు కోసం దవాఖానకు పోయినప్పుడు నొప్పుల విభాగంలో కూర్చునే డాక్టరమ్మను అడిగేశాను. అడగడం కూడా కొట్లాటకు పోయినట్టే అడిగాను. "గంజాయి తాపితే ఆకలైతదట గదా మేడం. నిజమా, అబద్ధమా? నిజమైతే మీరెందుకు చెప్పరు?"

ఆమె కోప్పడలేదు, కుర్చీ చూపించింది. "బయట కొన్నది తాగడం నేరం. అందులో ఏం కలిపారో కూడా తెలియదు. ఆ జోలికి పోకండి. కానీ ఆ మొక్క ఆకు నుంచి తీసిన ఆయుర్వేద తైలం ఉంది. ఆయుర్వేదం డాక్టరు మనిషిని చూసి చీటీ రాస్తే, లైసెన్సున్న మందుల షాపులో ఇస్తారు. కొందరికి ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది. కొందరికి ఏమీ కాదు. వాడితే మాకు చెప్పి వాడండి, దాచిపెట్టొద్దు" అంది.

చట్టప్రకారమే ఒక దారి ఉందని వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది నా ఇలాకా. ఆ మధ్యాహ్నం షెడ్డులో రాయాల్సిన దస్తావేజులు పక్కన పెట్టి, మత్తుమందుల చట్టం తెప్పించుకుని చదివాను. గంజాయి అంటే ఏది అన్నచోట పువ్వుల కొసలు అని ఉంది. కొసలు లేని ఆకులు అందులో రావని ఉంది. జిగురు మాత్రం నిషేధం. ఒకే మొక్క, దానిలో ఒక భాగానికి జైలు, ఇంకో భాగానికి చీటీ! హద్దులు రాసిన మనిషి ఎవరో గానీ శుభ్రంగా రాశాడు. ముప్పై ఏళ్లు తూర్పు పడమర హద్దులు రాసినవాణ్ణి, ఆ వాక్యం చదువుతుంటే నాకు ఒక తోటి పనివాడు కనబడ్డాడు.

బుధవారం మా ఆమెను తీసుకుని నాదర్‌గుల్ పోయాను. అక్కడ కొత్త కాలనీలో ఒక ఆయుర్వేదం డాక్టరమ్మ ఉంటుందని నొప్పుల విభాగంవాళ్లే చెప్పారు. చిన్న వయసు, క్లినిక్కు పెట్టి ఏడాది కూడా కాలేదు, గోడలకు ఇంకా సున్నం వాసన పోలేదు. విమానాలు నేర్పే స్థలం దగ్గర్లోనే, పైన చిన్న విమానాలు చక్కర్లు కొడుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ గంటసేపు చూసింది. ఏ మందులు వాడుతోంది, గుండె ఎట్లా ఉంది, నిద్ర ఎట్లా ఉంది, అన్నీ రాసుకుంది. దవాఖాన ఫైలు మొదటి నుంచి చివరి దాకా తిరగేసింది.

"తాగినోళ్ల లెక్క తూలుతనా డాక్టరమ్మా?" అని మా ఆమె అడిగింది.

"తూలవు అమ్మా. రెండు చుక్కలతోటి మొదలు పెడదాం. కండ్లు తిరిగినట్టయితే ఆపి నాకు ఫోన్ చెయ్యి. ఒక్కదానివి మెట్లు ఎక్కకు, దిగకు."

"తూలుడు గూడ లేదా? మరి దేనికి ఇంత దూరం వస్తిమి?" అని మా ఆమె నావైపు చూసింది. డాక్టరమ్మ కూడా నవ్వింది.

చీటీ రాసి, కింద కుడి మూలన సంతకం పెట్టి, దాని మీద ఊదారంగు రబ్బరు ముద్ర వేసింది. డాక్టరుగా ఆమె రిజిస్ట్రేషన్ నంబరు ఆ ముద్రలోనే ఉంది. చీటీ మీద అచ్చు వేసింది క్లినిక్కు పేరొక్కటే. "అసలు చీటీ చూపిస్తేనే షాపులో ఇస్తరు అన్నా. జాగ్రత్తగా ఉంచుకోండి" అంది. జాగ్రత్త సంగతి నాకా చెప్పేది అనుకున్నాను మనసులో.

ఇప్పుడు నా టేబుల్ సంగతి చెప్పాలి. దాని మీద ఎప్పుడూ మూడు వస్తువులు ఉంటాయి. వేలిముద్రలకు సిరా ప్యాడు, గిన్నెలో తడి స్పాంజి, దాని పక్కన పసుపు డబ్బీ. ఏ దస్తావేజైనా రిజిస్ట్రేషన్‌కు లోపలికి పోయేముందు బొటనవేలు స్పాంజికి అద్ది, పసుపులో ముంచి, కాగితానికి నాలుగు మూలలా పెడతాను. కొన్నవాళ్లు అడుగుతారు, అడగకపోయినా పెడతాను. దస్తావేజు కాగితాలకు మూలల్లో అక్షరం ఉండదు, అంచు వదిలే రాస్తాం. ముప్పై ఏళ్లలో ఆ వేలికి నా అనుమతితో పని లేకుండా పోయింది.

గురువారం పొద్దున చీటీకి జిరాక్సు తీయించి పెట్టుకుందామని షెడ్డుకు తెచ్చాను. టేబుల్ మీద పరిచాను. ఇంత ముఖ్యమైన కాగితం ఈ టేబుల్ మీదికి ఎన్నడూ రాలేదని నాకు అనిపించింది. కళ్లు మూసుకుని, దేవుడా, ఆమె ఒక్క ముద్ద తింటే చాలు అని దండం పెట్టుకున్నాను. కళ్లు మూసుకునే వేలు స్పాంజికి అద్దాను. నాలుగు మూలలా పెట్టాను. కుడి కింది మూలన ఇంకాస్త గట్టిగా అదిమాను, శుభమని.

కళ్లు తెరిచేసరికి ముద్ర లేదు. ఊదారంగు, పసుపు కలిసి అర్థంకాని మరక ఒకటి ఉంది. సంతకం తోక ఒక్కటే మిగిలింది.

అయినా నా అహంకారం చూడండి, ఏం కాదులే అనుకున్నాను. క్లినిక్కు పేరు కనబడుతోంది, మందు పేరు కనబడుతోంది, ఇంకేం కావాలి? పట్నం బస్సెక్కి, ఆ తైలం అమ్మే లైసెన్సున్న షాపుకు పోయాను. కౌంటరులో నడివయసు ఆమె చీటీ తీసుకుని, వెలుతురుకు పెట్టి, వెనక్కి తిప్పి చూసింది.

"సార్, రిజిస్ట్రేషన్ నంబరు కనబడుతలేదు. ఈ మందు దీని మీద ఇయ్యరాదు."

"నంబరు ఉన్నది, జర పసుపు అంటింది అంతే. నేను దస్తావేజులు రాసేటోణ్ణి, నాకు తెల్వదా కాగితం అంటే ఏందో? ఇంట్ల మనిషి తినక సస్తుంటే నీకు నంబరు గావాల్నా!" నా గొంతు నాకే వినబడుతోంది, షాపంతా వినబడుతోంది.

ఆమె గొంతు పెంచలేదు. "సార్, మీ కాడికి నంబరు చెరిగిపోయిన దస్తావేజు తెస్తే తీసుకుంటరా?"

చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను. బస్సులో సాగర్ రోడ్డు పొడుగునా ఒక ముసలాయన గుర్తొస్తూ వచ్చాడు. పట్టా కాగితం మడతలో నంబరు చెరిగిపోయిందని నేను తిరగ్గొట్టినవాడు. "ఇంకోపారి రాలేను బాంచెన్, కాళ్లు నొస్తున్నయ్" అన్నాడు. నేను తర్వాతివాణ్ణి పిలిచాను.

నాదర్‌గుల్ డాక్టరమ్మకు ఫోన్ చేస్తే పెళ్లికని కరీంనగర్‌లో ఉంది. ముద్ర క్లినిక్కులో ఉంది, తను ఆదివారం వస్తుంది. ఇంకొక ఆయుర్వేదం డాక్టరు దగ్గరికి పోయాను, ఆ మందు తను రాయనని మర్యాదగానే చెప్పాడు. గురువారం, శుక్రవారం, శనివారం. ఆ మూడు రోజుల్లో మా ఆమె తిన్నది చెప్పాలంటే ఒక అరటిపండులో సగం, కాస్త మజ్జిగ. శనివారం పొద్దున మంచం మీంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. "ఏం లేదు, జర కండ్లు తిరిగినయ్" అంది. తైలం ఇంకా రానేలేదు.

పసుపు డబ్బీని షెడ్డులోంచి తీసి సంచిలో పడేసి ఇంటికి తెచ్చేశాను. దాన్ని చూస్తేనే ఒళ్లు మండుతోంది. వంటింటి అలమారలో వెనక్కి తోశాను.

శనివారం మధ్యాహ్నం, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ బ్రోకరుకు ఫోన్ చేశాను. చాయ్ ఒలకబోసినవాణ్ణి నేనే, ఫోన్ చేసినవాణ్ణీ నేనే. వాడు ఎగతాళి చెయ్యలేదు. "అన్నా, గంటల తెస్త" అన్నాడు. మంచం మీద ఆమె అంతా వింటోంది.

"ఎవలకు ఫోను?"

చెప్పాను. దాచే ఓపిక కూడా లేదు నాకు.

"వద్దని చెప్పు."

"ఎల్లుండి బరువు చూస్తరే! ఎట్లనే మరి? నా చేతులారా చెడగొట్టిన, నాకు నిద్ర పడ్తలేదు."

"నువ్వు జైలుకు పోతే నాకు గంజి ఎవలు కాస్తరు?" అంది. తర్వాత కళ్లు మూసుకునే, "నాకు భయమైతలేదనుకుంటున్నవా? మస్తు భయమైతుంది. అయినా గా దొంగ పొట్లం తిని బతికిన్నని నలుగురి ముంగట చెప్పలేను. చీటీ మీద మందు తీసుకుంటే ఎవలడిగినా చెప్త. ఒక్క రోజు ఓర్సుకుంట తీ" అంది.

నేను వాడికి ఫోన్ చేసి వద్దన్నాను. ఆమె పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె చెయ్యి నా తల మీద వేసి, "ఊకో ఇగ. ముసలోనివైనవ్" అంది. నాకు యాభై ఎనిమిది.

ఆదివారం డాక్టరమ్మ ఊరి నుంచి వచ్చీ రాగానే నేను క్లినిక్కు గుమ్మంలో ఉన్నాను. పాత చీటీ చూసి ఆమెకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వాపుకోలేకపోయింది. మళ్లీ రాసింది, ముద్ర వేసింది, ఆరేదాకా ఫ్యాను కింద పెట్టింది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

సోమవారం దవాఖానలో బరువు చూశారు. ఇంకా తగ్గింది. డోసు వారం వాయిదా వేశారు. ఆ వారం నా బొటనవేలిదే అని నాకు తెలుసు. తిరిగొస్తూ ఆ షాపుకు పోయాను. కౌంటరు ఆమె చీటీ చూసి, పుస్తకంలో రాసుకుని, నల్లటి చిన్న సీసా చేతిలో పెట్టింది. "అమ్మకు బాగుకావాలె సార్" అంది. నేను ఆమెకు దండం పెట్టాను. ముప్పై ఏళ్లలో కౌంటరుకు ఇవతల నిలబడి దండం పెట్టడం నాకు అదే మొదలు.

రెండు చుక్కలు నాలుక కింద. మొదటి రోజు ఏమీ లేదు, మధ్యాహ్నం కాస్త నిద్రపోయింది, అంతే. రెండో రోజు వాంతి ఒకసారే. డాక్టరమ్మ ఇంకో చుక్క పెంచమంది. నాలుగో రోజు పదకొండు గంటలకు నేను వరండాలో పేపరు చదువుతుంటే లోపలి నుంచి పిలుపు. పక్కింట్లో ఏదో పోపు వేస్తున్నారు.

"ఇగో, ఆళ్లింట్ల ఉల్లిగడ్డ ఏగుతున్నది."

వాసనకు వాంతి వచ్చిందేమోనని చెంబుతో పరిగెత్తాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. "గట్ల మాడగొడ్తున్నరేంది? పచ్చిపులుసు చేస్తవా జర? ఉల్లిగడ్డ పెద్దపెద్దగ కొయ్యి."

నాకు పచ్చిపులుసు చేయడం రాదు. ఆమె మంచం మీంచి చెప్తూ ఉంటే చింతపండు పిసికాను, మిరపకాయలు కాల్చాను, ఉప్పు రెండుసార్లు వేశాను. ఆరు ముద్దలు తిన్నది. నేను లెక్కపెట్టాను. "ఉప్పు కషాయం చేసినవ్" అని తిట్టింది, తిడుతూనే ఏడో ముద్ద కలుపుకుంది. ఇదంతా ఆ తైలం మహిమే అని నేను రాసివ్వలేను. కీమో అయి రోజులు గడిచాయి, వాంతుల గోళీలూ కొంత పనిచేసి ఉండొచ్చు. నాకు తెలిసింది ఏడు ముద్దలు, అంతే.

తర్వాతి సోమవారం దవాఖాన కాటా మీద ముల్లు కిలోకు పైనే పెరిగింది. డాక్టరు తైలం పేరు ఫైలులో రాసుకున్నాడు. "రేపొద్దున వచ్చి చేరండి, నాలుగో డోసు ఎక్కిద్దాం" అన్నాడు.

మంగళవారం పొద్దున బయల్దేరడానికి కాగితాలు సర్దుతున్నాను. ఫైలు ఒక కవరులో, చీటీ ఇంకో కవరులో. ఆమె స్నానం చేసి కుర్చీలో కూర్చుంది.

"అలమారల దాసినవు గదా పసుపు డబ్బీ, ఇటు తే."

"మళ్ల దాని పేరెత్తకు" అన్నాను.

"తెమ్మంటున్న గదా."

తెచ్చాను. ఆమె చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి కాళ్లు ముందుకు చాపింది. రెండో డోసు నుంచే ఆమెకు వంగడం చేతకాకుండా పోయింది, పసుపు రాసుకోవడం మానేసింది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ పాదాలను నేను ఇంత దగ్గరగా చూడలేదు. మడమలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. గోళ్లు కూడా నల్లబడ్డాయి. నా టేబుల్ మీదికొచ్చిన ప్రతి కాగితానికీ పసుపు పెట్టాను, ముప్పై ఏళ్లు, ఊరందరి కాగితాలకు.

"అగో, గట్ల చూస్తవేంది? ముట్టొద్దా నా కాళ్లు?"

"ముట్టొచ్చు" అన్నాను.

కింద కూర్చుని బొటనవేలు నీళ్లలో అద్ది, పసుపులో ముంచాను. నొప్పి పుడుతుందేమోనని చాలా మెల్లగా రాశాను, ఒక పాదానికి, తర్వాత రెండో పాదానికి. ఆమె తన పాదాలు చూసుకుంది, నా తలకేసి చూసింది.

"అయిందా? ఇగ లెవ్వు, బస్సు పోతది" అంది. లేచి చెప్పులు తొడుక్కుంటూ, "నంబరేమన్న చెరిగిందా, మంచిగ చూసుకో" అంది.